మనుష్యుని గాయమునకు పట్టు బూజు తెగులు

పైరునకు తెగులు సోకునని యెరుగని రైతు లేడు. వరికి అగ్గి తెగులు, మినుమునకు బూడిద తెగులు, జొన్నకు కాటుక తెగులు, కందికి ఎండు తెగులు మున్నగునవి మన సభ్యులకు సుపరిచితములే. ఇవన్నియు బూజుజాతికి చెందిన సూక్ష్మజీవుల వలన కలుగునవి. ఈ జీవుల బీజములు ధూళికంటెను సన్ననివై నేలయందును, గాలియందును, కుళ్లిన ఆకులయందును, పెంటకుప్పలయందును దాగియుండును. తేమయు, తగిన వేడిమియు, తినుటకు పదార్థమును దొరకినంతనే మొలకెత్తి, దారములవలె సాగి, ఆశ్రయమిచ్చిన దానినే తినివేయును.

ఈ బూజు పైరునకే గాక మనుష్యుని శరీరమునకును పట్టుననిన కొందరు ఆశ్చర్యపడుదురు. చర్మముపై వలయాకారముగ లేచి దురద పెట్టు తామర అట్టిదే. అది పైపై రోగము, ప్రాణభయము లేనిది. కాని నేలలో నుండు కొన్ని బూజులు గాయము ద్వారా లోనికి ప్రవేశించి కండను, ఎముకను, కంటిని సైతము నాశనము చేయగలవు. ఇట్టి రోగములు అరుదు. అరుదగుట చేతనే ఇవి వైద్యులకును వెంటనే స్ఫురింపవు. రోగి ఆలస్యముగ వచ్చును; రోగము ముదురును. మరియు ఇవి బలహీనులకే వచ్చునని తలచుట పొరపాటు. ఏ జబ్బును లేని దృఢకాయులకును రావచ్చును. దినమెల్ల మట్టిలో పనిచేయువాడు రైతు గనుక ఈ విషయము ఆతనికి తెలిసియుండుట ఆవశ్యకమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. సభ్యులను భయపెట్టుట మా ఉద్దేశము కాదు. ఏ గాయమునకు భయపడవలెనో, ఏ గాయమునకు భయపడ నక్కరలేదో తెలియజేయుటయే మా ఉద్దేశము.

జాప్లిన్ పట్టణమున జరిగినది

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిస్సౌరీ రాష్ట్రమున జాప్లిన్ అను పట్టణము కలదు. 2011వ సంవత్సరము మే నెల 22వ తేదీ ఆదివారము సాయంకాలమున ఆ పట్టణముపై గొప్ప సుడిగాలి విరుచుకొని పడెను. గాలి వేగము గంటకు 320 కిలోమీటర్లను మించెను. ఇండ్లు కూలెను, వృక్షములు పెల్లగిలెను, 150 మందికి పైగా మరణించిరి, 1000 మందికి పైగా గాయపడిరి. గాలి వేగమునకు కొయ్యపేళ్లు, గాజుముక్కలు, గులకరాళ్లు, మట్టి మనుష్యుల శరీరములలోనికి బాణములవలె దూసుకొనిపోయెను. వైద్యులు రేయింబవళ్లు శ్రమించి గాయములు కడిగి, కుట్లు వేసి, విరిగిన ఎముకలను సరిచేసిరి.

కొన్ని దినములు గడచిన పిదప కొందరి గాయములు మానుటకు మారుగా నల్లబడజొచ్చెను. చుట్టునున్న మాంసము చచ్చి, ఆ చావు గంటగంటకు ప్రక్కలకు వ్యాపింపసాగెను. సామాన్యముగా చీముపుండ్లకు ఇచ్చు మందులు పనిచేయలేదు. జూన్ 3వ తేదీన ఇట్టి రోగులు ఇద్దరున్నారని ఆరోగ్య శాఖవారికి వార్త చేరెను. శోధింపగా మొత్తము 13 మంది తేలిరి. అందరి గాయములందును దొరకినది ఒక్క జాతి బూజే. దానికి శాస్త్రజ్ఞులు అపోఫైసోమైసిస్ ట్రపీజిఫార్మిస్ అని పేరిడిరి. ఆ 13 మందిలో 5 గురు మరణించిరి.

ఈ విచారణలో తేలిన సంగతులు కొన్ని మన మనస్సున నాటవలసినవి. రోగులందరును సుడిగాలి మిక్కిలి తీవ్రముగ వీచిన భాగమున నుండినవారే. 13 మందిలో 11 మందికి ఎముకలు విరిగియుండెను. ఒక్కొక్కరికి ఒకటి మొదలు ఏడు వరకు గాయములుండెను. గాయముల సంఖ్య హెచ్చిన కొలదియు, వస్తువులు లోతుగా గ్రుచ్చుకొనిన కొలదియు రోగము సోకు అవకాశము హెచ్చినట్లు తేలెను. బీజములను సూక్ష్మముగా పరీక్షింపగా అవి నాలుగు వేర్వేరు తెగలకు చెందియుండెను. అనగా ఈ రోగము ఒకరినుండి యొకరికి అంటుకొనినది కాదు; ఆసుపత్రిలో ఒక్కచోట పుట్టినదియు కాదు. ఎవరి గాయమునకు వారి పరిసరములలోని మట్టినుండి, కుళ్లిన కొయ్యనుండి వేర్వేరుగ వచ్చి చేరినది.

ఇక రెండవ ప్రక్కనుగూడ చూడవలెను. 1000 మందికి పైగా గాయపడగా ఈ రోగము సోకినది 13 మందికి మాత్రమే. కావున మట్టి సోకిన ప్రతి గాయమునకును ఈ తెగులు పట్టదు. కాని పట్టినప్పుడు దాని తీవ్రత యెట్టిదో ఆ 5 గురి మరణమే చెప్పుచున్నది.

ఇట్టి దృష్టాంతము మరియొకటి కలదు. 1985వ సంవత్సరము నవంబరు 13వ తేదీన దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున నెవాడో డెల్ రూయిజ్ అను అగ్నిపర్వతము ప్రేలి, మంచు కరగి, బురద ప్రవాహమై అర్మేరో పట్టణమును ముంచివేసెను. 20,000 మందికి పైగా మరణించిరి. బురదలో కూరుకొని గాయములతో బయటపడిన వారిలో కొందరికి ఇట్టి బూజు రోగమే సోకెను. ఒకచోట గాలి, ఒకచోట బురద. రెండుచోట్లను గాయములోనికి మట్టిని బలవంతముగ ఎక్కించినవే.

ఈ బూజు మన నేలకు క్రొత్తది కాదు

జాప్లిన్ ఎక్కడ, మన మెక్కడ అని పాఠకులు అనుకొనవచ్చును. ఈ బూజు కుటుంబమును లోకమునకు మొదట తెలియజేసినది మన దేశపు మట్టియే. 1979వ సంవత్సరమున భారతీయ శాస్త్రజ్ఞులు మామిడితోటలోని మట్టిని పరీక్షించుచు ఇంతకుముందెవ్వరును వర్ణింపని యొక బూజును కనుగొని దానికి అపోఫైసోమైసిస్ ఎలిగాన్స్ అని నామకరణము చేసిరి. జాప్లిన్‌లో దొరకినది దీని సోదర జాతియే. తరువాతి కాలమున ఈ కుటుంబపు బూజువలన కలిగిన గాయరోగములు మన దేశమునుండి అనేకములు ప్రకటింపబడినవి. రహదారి ప్రమాదములందు మట్టిలో ఈడ్వబడినవారికి, పొలమున గాయపడినవారికి, ఒక్కొక్కప్పుడు శుచిలేని సూదిమందు పొడిపించుకొనినవారికిని ఇది సోకినది. వీరిలో పలువురు అంతకుముందు సంపూర్ణ ఆరోగ్యవంతులు.

2021వ సంవత్సరమున కరోనా రెండవమారు విజృంభించినప్పుడు నల్ల బూజు రోగమని మన తెలుగు జిల్లాలన్నింటను గగ్గోలు పుట్టుట సభ్యులకు జ్ఞాపకముండును. అదియు ఈ వర్గపు బూజులవలన కలిగినదే. కాని దాని త్రోవ వేరు. ఆ బీజములు శ్వాసతో ముక్కులోనికి పోయి, మధుమేహము గలవారిని, స్టెరాయిడ్ మందులు అధికముగ వాడినవారిని ప్రధానముగ పీడించినవి. మేమిచ్చట చెప్పుచున్నది గాయము త్రోవను వచ్చునది. దీనికి మధుమేహముతో పనిలేదు. ఉన్నచో మరింత ప్రమాదము.

ఇది శరీరమున పనిచేయు తీరు రైతునకు సులభముగ బోధపడును. ఈ బూజు దారములు రక్తనాళములలోనికి చొచ్చుకొనిపోయి అచ్చట రక్తమును గడ్డకట్టించును. పంటకాలువకు అడ్డుకట్ట పడినచో దిగువ మడి యెండునట్లు, రక్తము అందని కండ చచ్చి నల్లబడును. చచ్చిన కండ ఆ బూజునకు ఆహారము. పైగా మందు రక్తముతోనే ప్రవహింపవలెను గదా. రక్తమే పోని చోటికి మందు పోదు. కావుననే శస్త్రవైద్యులు చచ్చిన భాగమును కోసివేయక తప్పదు. ఒకసారి కాదు, రెండుమూడు దినములలో పలుమార్లు కోయవలసివచ్చును. ఆలస్యమైనచో కాలో చేయో తీసివేయవలసివచ్చును.

దీనికి ముఖ్యమైన ఔషధము ఆంఫోటెరిసిన్ బి. వింత యేమనగా ఈ మందును మట్టిలోనుండియే తీసిరి. వెనిజులా దేశమున ఒరినోకో నదీ తీరపు మట్టిలో దొరకిన యొక సూక్ష్మజీవినుండి 1950 తరువాతి సంవత్సరములలో దీనిని కనుగొనిరి. రోగమును దాచినది మట్టియే, మందును దాచినదియు మట్టియే. కాని ఈ మందును వైద్యుని పర్యవేక్షణలో ఆసుపత్రియందే ఎక్కింపవలెను. మూత్రపిండములకు హాని చేయగలదు గనుక నిత్యము పరీక్షలు అవసరము.

మదురై పాదము

పైన చెప్పినది దినములలో ముదురు రోగము. సంవత్సరముల తరబడి నెమ్మదిగ తినివేయు బూజు రోగము వేరొకటి కలదు. దానికి మన పొరుగునున్న మదురై నగరము పేరే పెట్టబడినది. 1842వ సంవత్సరమున మదురైయందు పనిచేయుచుండిన గిల్ అను వైద్యుడు దీనిని గూర్చి మొదట వ్రాసెను. 1846లో కోల్‌బ్రూక్ అను మరియొక వైద్యుడు మదురై పాదమను పేరును వాడుకలోనికి తెచ్చెను. బొంబాయియందు పనిచేసిన వాన్‌డైక్ కార్టర్ 1860 మొదలు దీనిని శ్రద్ధతో పరిశీలించి, ఇది బూజు వలన కలుగునని చెప్పి, 1874లో ఒక గ్రంథమునే ప్రకటించెను. దీనికి శాస్త్రనామము మైసెటోమా. 2016వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల రోగముల పట్టికలో చేర్చెను.

వట్టికాళ్లతో నడచు రైతునకు తుమ్మముల్లు గ్రుచ్చుకొనును. ముల్లు తీసి పారవైచి మరచిపోవును. నెలలు గడచిన పిదప ఆచోట నొప్పిలేని గడ్డ యొకటి లేచును. నొప్పి లేనందున ఎవ్వరును లెక్కచేయరు. గడ్డ పెరిగి పాదమంతయు ఉబ్బును. పలుచోట్ల రంధ్రములు పడి చీము కారును. ఆ చీములో ఆవగింజకంటెను చిన్నవగు రేణువులు కనబడును. అవి కొందరికి నల్లనివి, కొందరికి తెల్లనివి లేక ఎర్రనివి. ఈ మూడు గురుతులు, అనగా నొప్పిలేని వాపు, చీముకారు రంధ్రములు, రేణువులు కనబడినచో అది మదురై పాదమని అనుమానింపవలెను. కొన్ని సమయములందు ఇది బూజు వలన గాక వేరొక సూక్ష్మజీవి వలన కలుగును. రెంటికిని చికిత్స వేరు. కనుక పరీక్ష చేయింపక మందు వాడరాదు. ముందుగ వచ్చినచో చిన్న గడ్డను కోసి తీసివైచి మందులతో నయము చేయవచ్చును. ఎముక వరకు పోయిన పిదప కాలు దక్కుట కష్టము. నొప్పి లేదు గదా అని ఊరకుండుటయే ఈ రోగమున గొప్ప ప్రమాదము.

కొయ్య స్తంభముల కథ

దక్షిణ ఆఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ అను ప్రాంతమున బంగారు గనులు కలవు. 1941 మొదలు 1944 వరకు అచ్చటి గనులలో పనిచేయు కూలీలు సుమారు 3000 మందికి చేతులపైనను కాళ్లపైనను పుండ్లు లేచెను. మొదట ఒక చిన్న పొక్కు; పిదప దానినుండి పైకి ఒక త్రాడుపై పూసలు గ్రుచ్చినట్లు వరుసగా గడ్డలు. కూలీలు బలమైన దేహములు గలవారే. కారణము వెదకగా, గని పైకప్పు కూలకుండ నిలిపిన కొయ్య స్తంభములపై తేమకును వేడిమికిని స్పోరోత్రిక్స్ అను బూజు పెరుగుచున్నట్లు తేలెను. కూలీలు ఇరుకు దారులలో ఆ కొయ్యలకు ఒరసికొని పోవునప్పుడు చర్మము గీచుకొని బీజములు లోనికి చేరుచుండెను. కొయ్యలకు బూజును చంపు మందు పూయగా రోగము అణగిపోయెను. రోగులకు పొటాషియం అయొడైడ్ అను చవుక మందుతో నయమయ్యెను.

ఈ రోగమే గులాబి ముండ్లు గ్రుచ్చుకొనిన తోటమాలులకును, గడ్డిమోపులు మోయువారికిని వచ్చుచుండును. మన దేశమున హిమాలయ పాదముల సమీపమున ఎక్కువగ కనబడుచున్నది. ఈ కథలో మనకొక నీతి కలదు. 3000 మందికి విడివిడిగ మందిచ్చుటకంటె రోగమునకు మూలమైన కొయ్యను శుభ్రము చేయుట మేలైనది. నివారణ యనునది ఒక్కరి పని కాదు. పదిమంది కలసి చేయవలసిన పని.

కంటికి తగిలిన ఊక

మన రైతులకును రైతుకూలీలకును ఈ బూజు తెగుళ్లలో మిక్కిలి తరచుగ కలుగునది కంటికి వచ్చునదే. కోతలయందు వరి ఆకు అంచు కంటికి గీచుకొనును. నూర్పిడియందు ఊక, ధూళి ఎగిరి కంటిలో పడును. చెరకు ఆకు కోయును. గీత కంటికి కనబడనంత సన్నముగ నుండును. ఆ గీతలో బూజు బీజము పడినచో కొలది దినములలో నల్లగుడ్డుపై తెల్లని మచ్చ యేర్పడును. దీనినే మనవారు కంటిలో పువ్వు వేసినదందురు. కందిని ఎండబెట్టు ఫ్యుజేరియం జాతి బూజులును, వేరుసెనగ గింజలను పాడుచేయు ఆస్పర్‌జిల్లస్ జాతి బూజులును కంటి పుండ్లకు ముఖ్య కారణములు. పైరును చెరచు జాతులే కంటినిగూడ చెరచుచున్నవి.

ఇచ్చట జరుగు పొరపాట్లు రెండు. ఒకటి, ఆముదమో, చనుబాలో, ఆకు పసరో కంటిలో పోయుట. ఇందువలన క్రొత్త మలినము చేరును. రెండవది మరింత అపాయకరము. మందుల దుకాణమునకు పోయి, ఎరుపు పోవు చుక్కలిమ్మని అడిగి తెచ్చుకొనుట. వానిలో స్టెరాయిడ్ కలసియున్నచో ఒకటి రెండు దినములు ఎరుపు తగ్గి బాగైనట్లు తోచును. లోపల బూజు మాత్రము ఎదురులేక పెరుగును. ఈ రీతిగ చూపు పోగొట్టుకొనినవారు కలరు.

దీనికి మందు లేకపోలేదు. నేటామైసిన్ అను కంటి చుక్కలు మేలైనవి. మదురై మున్నగు దక్షిణ భారత నగరములలోని నేత్రవైద్యాలయములందు 323 మంది రోగులకు ఈ మందును, వోరికొనజోల్ అను క్రొత్త మందును వేర్వేరుగ వాడి చూడగా, పాతదగు నేటామైసినే మేలని 2013వ సంవత్సరమున ప్రకటించిరి. ముఖ్యముగ ఫ్యుజేరియం సోకిన కండ్లకు అది యెక్కువ గుణమిచ్చెను. మదురై పాదమును మొదట వర్ణించిన నగరముననే ఈ మేలును జరుగుట గమనింపదగినది. కాని మచ్చ చిన్నదిగ నుండగనే రావలెను. పండుగ వెళ్లనిమ్ము, కోత ముగియనిమ్ము అని పది దినములు ఆగినచో మందు పనిచేయు కాలము దాటిపోవును.

గాయమైనప్పుడు చేయవలసినది

ముల్లును ముల్లుతోనే తీయవలెనను సామెత వ్యవహారమునకు చెల్లును గాని పాదమునకు చెల్లదు. ఒక ముల్లు తెచ్చిన మట్టి చాలక రెండవ ముల్లు మరికొంత తెచ్చును. నీటిలో మరిగించిన సూదితోగాని పట్టుకారుతోగాని తీయవలెను. ముల్లు లోపల విరిగియున్నచో కెలకరాదు, వైద్యునిచే తీయింపవలెను.

మట్టి సోకిన గాయమును వెంటనే శుభ్రమైన నీటిని ధారగా పోయుచు సబ్బుతో బాగుగ కడుగవలెను. పది నిమిషములైనను కడుగుట మంచిది. గడ్డ మీది మోటారు నీరు దొరకినచో మడిలోని బురదనీటితో కడుగరాదు. కంటికి కనబడు మట్టి, గడ్డిపరక, కొయ్యపేడు ఏదియు గాయమున మిగులరాదు. కొయ్యగాని ఇనుముగాని లోతుగా దిగియున్నచో దానిని లాగరాదు. కదలకుండ గుడ్డ చుట్టి అట్లే ఆసుపత్రికి పోవలెను.

గాయముపై పేడ, మట్టి, బూడిద, సున్నము పెట్టరాదు. రక్తము నిలుచుటకు గడ్డిచామంతి ఆకును నలిపి పెట్టుట మన పల్లెలలో వాడుక. మన పెద్దలను తప్పుపట్టుట మా యభిమతము కాదు. కాని గట్టుపై పెరిగిన ఆకుతోడను, నలిపిన చేతితోడను నేలలోని బీజములు గాయమున చేరుట సులభము. ఉతికి ఆరవేసిన గుడ్డతో గట్టిగ అదిమి పట్టినను రక్తము నిలుచును. ఆకు చేయు పని గుడ్డయే చేయును, మలినము లేకుండ.

ధనుర్వాతమునకు సూది వేయించుకొనుట మరువరాదు. బూజు రోగములకు అట్టి ముందు సూది లేదు. కడుగుటయే వానికి ముందు మందు. వైద్యునికి గాయము ఎచ్చట, దేనితో, ఎట్లు తగిలినదో ఉన్నదున్నట్లు చెప్పవలెను. పెంటకుప్పపై పడితినని, చెరువు మట్టిలో కూరుకొంటినని చెప్పుటకు సిగ్గుపడరాదు. ఆ యొక్క మాటయే వైద్యునికి దారి చూపును.

ఎప్పుడు పరుగెత్తవలెను

గాయము తగిలిన మూడవ దినమునకు నొప్పి తగ్గవలసినది పెరుగుచున్నను, అంచులు బూడిదరంగుగగాని నల్లగగాని మారుచున్నను, నలుపు ప్రక్కలకు ప్రాకుచున్నను, జ్వరము వచ్చినను, మందు వాడుచుండగనే పుండు విస్తరించుచున్నను ఒక్క పూటయైనను ఆగరాదు. పల్లెలోని వైద్యునివద్ద కాలయాపన చేయక శస్త్రచికిత్స జరుగు పెద్ద ఆసుపత్రికి పోవలెను. అచ్చట, అయ్యా, ఇది మట్టి గాయము, బూజు సోకినదేమో చూడుడని వినయముతో అడుగుట తప్పు కాదు. పుండునుండి చిన్న కండముక్క తీసి సూక్ష్మదర్శినితో చూచినచో బూజు దారములు కనబడును. పైపై చీమును మాత్రము పరీక్షించిన చాలదు. నెమ్మదిగ పెరుగు గడ్డ నెల దాటినను తగ్గకున్నచో అదియు చూపించుకొనవలెను. కంటి విషయమున గడువు ఒక్క దినమే.

సంఘములు చేయదగినది

రైతునకు కాలు చేతులే మూలధనము. సంఘము నేడిచ్చిన అప్పు రేపు తీరవలెనన్నను ఆ చేతులే తీర్పవలెను. కావున సభ్యుల గాయములు సంఘమునకు సంబంధింపని విషయములు కావు. మా యభిప్రాయమున ప్రతి సంఘ కార్యాలయమందును ఒక పెట్టె యుంచుట మంచిది. అందు సబ్బులు, శుభ్రమైన గుడ్డపట్టీలు, పట్టుకారు, మూతవేసిన మంచినీటి సీసాలు, కంటిని కడుగుటకు చిన్న గిన్నె ఉన్నచో చాలును. ఖర్చు స్వల్పము. కోతల కాలమున, నూర్పిడి కాలమున ఆ పెట్టె కళ్లమువద్దనే యుండవలెను. నూర్పిడి యంత్రమువద్ద పనిచేయు స్త్రీ పురుషులకు కంటి అద్దములు సంఘము తరఫున కొని అరువిచ్చుట మరియొక పని. దమ్ములోను నాటులోను పాదరక్షలు నిలువవని మే మెరుగుదుము. కాని మెట్ట పొలమునకు, కంపలు నరకు పనికి, ఎరువు తోలు పనికి చెప్పులో బూట్లో లేక పోరాదు.

ధనుర్వాతపు సూది ఎవరెవరు ఎప్పుడు వేయించుకొనిరో సభ్యుల పట్టికలో వ్రాసియుంచుట సులభము. ఉపనిబంధనలు అనుమతించినంతవరకు, గాయపడిన సభ్యుడు ఆసుపత్రికి చేరుటకు వలయు పైకమును ఆ పూటకాపూటనే సర్దుబాటు చేయు ఏర్పాటు ఉండవలెను. కమిటీ కూడి తీర్మానించువరకు నల్లబడు గాయము ఆగదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ఏమి లాభమని మన పెద్దలందురు. వేలకొలది గాయములలో ఒక్కదానికే ఈ తెగులు పట్టును. అయినను ఆ యొక్కటి ఎవరిదో ముందుగ తెలియదు. అన్నింటిని కడిగినచో ఆ యొక్కటియు కడిగినట్లే యగును. విత్తనశుద్ధి చేయక విత్తు చల్లని రైతు, గాయశుద్ధి చేయక గాయమునకు కట్టు కట్టకుండుగాక. సభ్యులు ఈ వ్యాసమును ఇంటనున్న స్త్రీలకును, చదువురాని తోటి రైతులకును, కూలీలకును చదివి వినిపించిన మా శ్రమ ఫలించినదని భావింతుము.